ఆకు మీద మళ్ళీ నీళ్ళు

మా నెల్లూరులో ఇంటికొచ్చిన చుట్టానికి టీ ఇవ్వకపోయినా క్షమిస్తారు గానీ, వాడిన పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి ఇస్తే మాత్రం క్షమించరు. మా పెద్దమ్మ ఒకావిడ గురించి "పిప్పి టీ పోసిన మహాతల్లి" అని చచ్చేదాకా చెప్పుకుంది. ఆ మహాతల్లి అసలు పేరేంటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఇప్పుడు అబుదాబి ఎడారిలో ఈ రువైస్‌లో కూర్చుని ఒకే ఆకు మీద ఆరేడు సార్లు నీళ్ళు పోసి కట్టుకున్నవాడికి ఇస్తున్నాను. పెద్దమ్మ బతికుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు.

అసలు ఇదంతా డాక్టరు పుణ్యం. మా ఆయన ఇక్కడి రిఫైనరీలో ఆపరేటరు. కంపెనీ వాళ్ళిచ్చిన క్వార్టర్స్‌లో ఉంటాం. పగటి డ్యూటీ ఉన్న రోజుల్లో సాయంత్రం బస్సు దిగి, సేఫ్టీ బూట్లు గుమ్మం బయటే విప్పి, కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింటి బల్ల దగ్గరికి వచ్చేవారు. నేను అల్లం దంచి వేసి, పాలు ఎర్రగా మరగనిచ్చి, గ్లాసు నిండా పోసి ముందు పెట్టేదాన్ని. మామూలుగా ఆయన మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. ఆ గ్లాసు చేతికొస్తే మాత్రం నోరు తెరిచేవారు. ఏ పంపు మొరాయించింది, ముదీర్, అదే మేనేజరు, ఎవరి మీద అరిచాడు, క్యాంటీన్లో సాంబారని చెప్పి ఏం పోశారు, అన్నీ వచ్చేవి. గ్లాసు ఖాళీ కాగానే లేచిపోయేవారు. పిల్లలిద్దరూ చదువులకని ఇండియా వెళ్ళిపోయాక, ఆ ఒక్క గ్లాసు టీ సేపే నాకు రోజంతటికీ ఉన్న కబురు.

కరోనా ఏడాది తిరిగేసరికి ఆయనకు షుగరు తేలింది. ఆ వెంటనే కడుపు తిరగబడింది. పాలు అరగడం లేదన్నారు. డాక్టరు చేతులు దులుపుతూ "చక్కెర ఖలాస్, పాలు ఖలాస్" అని తేల్చేశాడు. సరే, పాలు లేని టీ లోకంలో లేదా అనుకుని నిమ్మకాయ పిండి సులేమానీ చేశాను. ఆయన రెండు గుక్కలు తాగి పక్కన పెట్టారు. గ్రీన్ టీ సంచులు తెచ్చాను. "పసరు వాసన మే" అన్నారు. అంతటితో అదీ అయిపోయింది.

ఆ తర్వాత నుంచి ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, ఫోను పట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోవడం. కోపమూ లేదు, తగాదా లేదు. దెబ్బలాడుకున్నా బాగుండేది, కనీసం మాటలైనా వినిపించేవి. నా ఒక్కదాని కోసం పాలు పెట్టుకోబుద్ధి కాక నేనూ మానేశాను. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి నా ఎదురుగా వచ్చి కూర్చున్నది టీ కోసమేనా, నా కోసం కాదా అని. ఆ ముక్క ఆయన్ని అడగడానికి నోరు రాలేదు. అడిగితే అవునంటారేమోనని.

ఆంక్షలు సడలించి మనుషులు ఒకరింటికొకరు వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో, మా ఎదురింట్లో ఉండే చైనా ఆవిడ మమ్మల్ని టీకి పిలిచింది. వాళ్ళాయన ఏదో ప్రాజెక్టు మీద వచ్చిన ఇంజనీరు. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకూ అంతే. ఇద్దరికీ మధ్య ఫోన్లో తర్జుమా చేసే యాప్ ఉండేది. అంతకుముందు కరివేపాకు ఇచ్చి పుచ్చుకున్నంత స్నేహం ఉంది. ఇచ్చింది నేనే, ఆవిడ దాంతో ఏం చేసిందో దేవుడికే తెలియాలి.

సందుల కింద తొట్టి ఉన్న వెదురు పళ్ళెం మీద మూత ఉన్న చిన్న కప్పు పెట్టింది. దాన్లో మిరియాల కంటే కొంచెం పెద్దగా ఉండే నల్లటి ఉండలు ఓ చెంచాడు వేసింది. అవే టీ ఆకులట. సలసల కాగే నీళ్ళు పోసింది. పోసీ పొయ్యకముందే ఆ నీళ్ళన్నీ పళ్ళెంలోకి ఒంపేసింది! అయ్యో, డికాక్షనంతా పాయెనే అని నా ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ నీళ్ళు పోసి, ఈసారి వక్కంత కప్పుల్లో మాకిచ్చింది. సరే, తాగాం. అవి ఖాళీ అయ్యాయో లేదో, అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు! మళ్ళీ మాకే!

నాకు ఒళ్ళు మండింది. చిక్కటిదంతా పారబోసి, పిప్పి మీద నీళ్ళు పోసి మాకిస్తుందా? ఆవిడకు తెలుగు రాదు కదా అని నవ్వు మొహం పెట్టుకునే, మా ఆయనతో అన్నాను.

"లేవండి పోదాం. పిప్పి టీ పోస్తా ఉండాది, చూడండి. మనమంటే ఎంత అలుసో."

"కూచో మే," అన్నారాయన. "బాగుండాది."

బాగుండాదట! నెలల తర్వాత ఆ నోటి నుంచి వచ్చిన మంచి మాట అది. అదీ పరాయివాళ్ళింట్లో, పిప్పి టీకి. లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. మూడోసారి పోసింది, నాలుగోసారి పోసింది. మా ఆయన వాళ్ళాయనతో వచ్చీరాని ఇంగ్లీషులో కంప్రెసర్ల గురించి మొదలుపెట్టి, ఎక్కడెక్కడికో వెళ్ళి, చిన్నప్పుడు పెన్నలో ఈత కొట్టిన సంగతి దాకా వచ్చారు. ఆ ఈత సంగతి నాకే తెలియదు. సంతోషమేసింది, కడుపూ మండింది. రెండూ ఒకేసారి.

వచ్చేటప్పుడు ఆవిడ ఒక పొట్లం చేతిలో పెట్టింది. మర్నాడే నేను నా పద్ధతిలో రంగంలోకి దిగాను. గిన్నెలో నీళ్ళు పెట్టి, ఆకు వేసి, అల్లం తగిలించి, తెర్లించి తెర్లించి, గరిటెతో నొక్కి మరీ పిండి వడగట్టాను. ఆయన ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు.

"వేపాకు కషాయం ఇట్టనే ఉంటాది మే."

అభిమానం పక్కన పెట్టి ఎదురింటి తలుపు తట్టాను. ఆవిడ నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. తన పద్ధతిలో మళ్ళీ పోసిచ్చి, తాగడం అయ్యాక నానిన ఆకొకటి తీసి నా అరచేతిలో విప్పింది. ఆ చిన్న ఉండలోంచి నా వేలంత ఆకు వచ్చింది, చిరుగు లేకుండా, కాడతో సహా. నడుమ పచ్చగా ఉంది, అంచు మాత్రం ఎర్రగా తిరిగింది. ఫోన్లో ఒక్కో ముక్కా చెప్పుకొచ్చింది. ఆకు కోసి వాడ్చి, వెదురు చేటల్లో మళ్ళీ మళ్ళీ కుదుపుతారట. ఆ కుదుపుకి అంచులు కమిలి ఎర్రబడతాయి. పూర్తిగా ఎర్రబడనిస్తే మన టీ, అసలు ఎర్రబడనివ్వకపోతే గ్రీన్ టీ. ఊలాంగ్ అనే ఈ రకాన్ని మాత్రం నడిమధ్యలో ఆపి, ఉండచుట్టి, బొగ్గుల సెగ మీద నిదానంగా కాలుస్తారు.

"ఓస్, దోరగాయన్నమాట!" అన్నాను తెలుగులోనే. పచ్చిదీ కాదు, పండూ కాదు. మామిడికాయ దోరగా ఉన్నప్పటి రుచి తెలిసిన దేశం నుంచి వచ్చినదాన్ని, ఈ సంగతి నాకొకరు చెప్పాలా?

మొదటి నీళ్ళు ఎందుకు పారబోశావని కూడా కడిగేశాను. అవి మనకు కాదట, ముడుచుకున్న ఆకు విచ్చుకోవడానికట. అసలు రుచి రెండోసారి, మూడోసారి దిగుతుందట. మంచి ఆకు అయితేనే అన్నిసార్లు తట్టుకుంటుంది, నాసిరకానికి ఒక్కసారికే పని అయిపోతుంది. అంటే ఆవిడ మమ్మల్ని తక్కువ చేయలేదు, ఉన్నదాంట్లో మంచిది తీసి పెట్టింది. ఈ మాట మా పెద్దమ్మకు ఎలా నచ్చజెప్పడం!

అప్పటి నుంచి మా వంటింటి బల్ల మళ్ళీ కళకళలాడింది. నీళ్ళు బాగా కాగాలి, ఆకు మీద పోసి ఎక్కువసేపు ఉంచకూడదు, ఒంపేటప్పుడు చుక్క మిగలకుండా ఒంపేయాలి. ఈ మూడే మర్మం. ఆయన వచ్చి కూర్చునేవారు. చిన్న కప్పులు, ఖాళీ అయినకొద్దీ పోస్తూనే ఉండాలి, కాబట్టి లేవడానికి వీల్లేదు. గ్లాసు టీ సేపు కాస్తా గంటయింది.

అంతా బాగుందనుకునేసరికి వాళ్ళ ప్రాజెక్టు అయిపోయి చైనా వాళ్ళు వెళ్ళిపోయారు. పొట్లం కూడా అడుగంటింది. మా ఆయన మళ్ళీ ఫోను, మళ్ళీ పడగ్గది. ఇక్కడి సూపర్ మార్కెట్లో వెతికితే "మిల్క్ ఊలాంగ్" అని ఒకటి దొరికింది. పాలు తాగకూడని మనిషికి పాల వాసన అయినా దక్కుతుంది కదా అని ఎగిరి గంతేసి తెచ్చాను. నీళ్ళు పోయగానే ఇల్లంతా చాక్లెట్ల కంపు. ఆకులో సహజంగా కొంచెం వెన్న వాసన వచ్చే రకం ఒకటి ఉంటుందట, ఇది మాత్రం సెంటు పూసిన సరుకు. తర్వాత తెలిసింది లెండి.

"పిప్పరమెంటు కడిగిన నీళ్ళు," అని ఆయన లేచిపోయారు.

నాకు మొండిపట్టు వచ్చింది. ఆయన సెలవు రోజున కారెక్కించి, దుబాయ్‌లో చైనా సరుకులమ్మే పెద్ద బజారుకి బయలుదేరదీశాను. పొద్దున్న బయలుదేరితే ఇసుక, పైపులు, ఇసుక, ఒంటెల కంచె, మళ్ళీ ఇసుక. "ఆకు కోసం ఇంత దూరమా?" అని ఆయన దారంతా గొణిగారు. ఆకు కోసం కాదని నేను చెప్పలేదు.

టీ కొట్టతను చైనావాడే గానీ హిందీ దంచేస్తున్నాడు. "బైఠో భాభీ, పహలే పియో" అని, ముందు తాగి చూడమని స్టూలు వేశాడు. మొదట ఎర్ర రేకు డబ్బా, పైన బంగారు అక్షరాలు, డ్రాగన్ బొమ్మ. దాంట్లోని ఆకుతో టీ పోసి ఇచ్చాడు. పూలవాసన గుప్పుమంది, కానీ రెండోసారికే నీరసించింది. నేను మూత తీసి నానిన ఆకు తీసుకుని అరచేతిలో విప్పాను. సగం ముక్కలే. ఎర్ర అంచు మచ్చుకైనా లేదు.

"యే నహీ. కోయిలేవాలా దిఖావ్, పురానావాలా," అన్నాను. బొగ్గుల మీద కాల్చినది, పాత పద్ధతిది.

అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, బల్ల కింద నుంచి బొమ్మా అక్షరమూ లేని వెండిరంగు సంచీ తీశాడు. తియె గ్వాన్ యిన్ అట, ఇనప అమ్మవారు అని దాని అర్థమట. వాసన చూస్తే పెసరపప్పు దోరగా వేయించినట్టుంది. పోసి ఇచ్చాడు. గొంతు దిగాక నాలిక మీద సన్నగా తీపి తేలింది. మా ఆయన కప్పు మళ్ళీ చాచారు, అదే నాకు కావలసిన సర్టిఫికెట్టు. బేరం కూడా ఆడాను. ఆయన సిగ్గుతో పక్క కొట్లో ప్లాస్టిక్ పూలు చూస్తూ నిలబడ్డారు. ఆకు, ఓ మూత కప్పు తీసుకుని ఇల్లు చేరాం.

ఆ మర్నాడు సాయంత్రం, చలికాలం ఎండ ఇంకా ఉండగానే, వెనక వరండాలో చాప వేశాను. పోశాను, తాగారు. పోశాను, తాగారు. మాటలు దొర్లుతున్నాయి. నాలుగో అయిదో కప్పు దగ్గర ఉన్నట్టుండి చెప్పారు, వచ్చే ఏడు తన కాంట్రాక్టు పొడిగించకపోవచ్చని పైవాళ్ళు అంటున్నారని. ఎన్నాళ్ళుగా మోస్తున్నారో ఆ మాటని.

"పొడిగించకపోతే పోదాం లెండి. నెల్లూరులో ఎండ లేదా ఏంది?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఆశ పుట్టింది. కప్పులో చూస్తే రంగు పలచబడిపోతోంది. ఆకు అయిపోతే లేచిపోతారేమోనని, ఇంకాస్త సేపు ఆకు మీద నీళ్ళు నిలవనిచ్చి, ఏమీ ఎరగనట్టు పోస్తూ వచ్చాను. ఆయన తాగుతూ వచ్చారు. కాంట్రాక్టు సంగతి పోయి పిల్లల సంగతి, అదీ అయ్యాక ఊళ్ళో మేడ మీద వేయాల్సిన రేకుల సంగతి. చివరికి పోసింది చూస్తే తెల్లటి నీళ్ళు. కెటిల్ కూడా ఖాళీ.

"అయిపోయిందండీ," అన్నాను. "ఆకులో ఇంకేం లేదు."

"ఇప్పుడా అయిపోయింది? మూడు కప్పుల నుంచి ఉడుకు నీళ్ళే కదమ్మే నువ్వు పోస్తుండేది."

"తెలిసే తాగారా? మరి చెప్పరే?"

ఆయన ఖాళీ కప్పు రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నారు.

"టీ లేకుండా నీకాడికొచ్చి కూచుంటే, ఏం కావాలండీ అని అడగతావు. ఏం కావాలని చెప్పేది మే?"

నేనేమీ అడగలేదు. కెటిల్ తీసుకుని నీళ్ళు పట్టడానికి లోపలికి వెళ్ళాను.