క్యాంపు రాయితో జింకల పార్కుకు

అణుశక్తికీ మా అమ్మకూ మధ్య జరిగిన మహాసంగ్రామం ఇది. చెప్పాలంటే పద్దెనిమిది పర్వాలు పట్టాలి. నిజానికి ఒక బస్సు ప్రయాణం పట్టింది, అదీ చిత్తూరు నుంచి పాకాల దాకానే.

పాకాల అవతలి కొండల్లో ఒకప్పుడు యురేనియం కోసం బోర్లు వేశారు. మా నాయన ఆ క్యాంపులో కూలీ. భూమి లోపలి నుంచి బోరు తెచ్చే రాళ్లు చెక్కినట్టు గుండ్రంగా, నున్నగా ఉండేవి. అలాంటిదొకటి తెచ్చి అమ్మకిచ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఇచ్చిన ఏకైక కానుక అదే. అప్పట్నుంచీ అమ్మ సన్నికల్లు మీద దాంతోనే పచ్చడి నూరేది. కొన్నేళ్లకు క్యాంపు ఎత్తేశారు. ఆ చోటుకు ఫారెస్టువాళ్లు కంచె వేసి జింకల్ని వదిలారు. నాయన దగ్గి దగ్గి పోయాడు.

డిగ్రీ రెండో ఏడు తిరుపతి నుంచి సెలవులకొచ్చి, తెలివి ఎక్కువై, అన్నం తింటూ జోకేశాను: "అమ్మా, మనం ఇన్నాళ్లూ అణుబాంబుతో పచ్చడి నూరుకున్నాం."

అమ్మ నవ్వలేదు. "అయితే మీ నాయన దగ్గు?" అంది.

వారం రోజులు ఇంట్లో పచ్చడి లేదు, చారే. ఎనిమిదో రోజు రాయిని గోనెసంచిలో చుట్టి, నాయనతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఆ జింకల పార్కు దగ్గర ఉంటారేమో అడుగుదామని బయల్దేరింది. బస్సులో నన్ను పక్కన కూర్చోనివ్వలేదు.

"ఎనక్కి పోయి కూసో. నీకింకా పెండ్లి కావల్ల."

రాయిని మాత్రం తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు నాకు జోకేదీ తట్టలేదు. నా జీవితంలో ఇది అరుదు.

పార్కు గేటు దగ్గరి వాచ్‌మన్ క్యాంపులో నాయనతో పాటు పనిచేసినవాడే. అమ్మను గుర్తుపట్టాడు. అమ్మ పలకరింపు కూడా లేకుండా సంచి విప్పింది.

"నిజం సెప్పప్పా. మా ఆయన దీంతోనేనా పోయింది?"

ఆయన రాయిని తిప్పి తిప్పి చూశాడు. "టిక్కుటిక్కుమనే పెట్టె ఒకటి ఉండేదక్కా. ప్రతి రాయికీ ఆనించి సూసేవాళ్లు. పెట్టె కూయని రాళ్లు పారేసేవాళ్లు. ఆ కుప్పలోదే ఇది. ఏమీ దొరకలేదనే గదా క్యాంపు ఎత్తేసినారు."

"మరి ఆ దగ్గు?"

ఆయన నా వైపు చూసి, నేల వైపు చూసి, "బీడీలక్కా. దినానికి రెండు కట్టలు. నీకు సెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు" అన్నాడు.

"నా తలమింద సెయ్యి పెట్టి మానేసినానని సెప్పినాడే!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కాసేపటికి రెండూ చేసింది. "దొంగ సచ్చినోడు" అంది. ఎంత ముద్దుగా అందంటే, నేను పక్కకు తిరిగి పార్కు బోర్డు చదవడం మొదలుపెట్టాను.

రాయిని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. "వచ్చినాం గదా, ఆ జింకల్ని సూసి పోదాం."

వారంలో అమ్మ ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి. గంటసేపు తిరిగాం. ఒక్కటీ కనిపించలేదు. జింకలు పొద్దున ఏడులోపే బయటికొస్తాయట. గేటు తెరిచేది తొమ్మిదికి.