చౌడు వేయని మిద్దె

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది గాజులామె. పెనుకొండలో మా వీధి చివర సాయిబుల ఇంటి మనిషి. పంచాయతీ ఆఫీసు గుమాస్తా ఇంట్లో ఆడవాళ్ళకు గాజులు తొడిగి, గాజుల మలారం భుజం మీద నుంచి దించకుండానే మా గడపలోకి వచ్చింది.

“అమ్మణ్ణీ, ఇండ్ల రిపేరీకి లోను ఈ ఏడు ఇయ్యరంట. కోట చూసేకి వచ్చేటోళ్ళకు బంగళా కడతారంట, కొండకు దావ ఏస్తారంట. మీటింగులో అందరూ చేతులెత్తినారంట.”

“మరి మా మిద్దె?” అన్నాను.

“వచ్చే దొరలు తడవకూడదంట. మనం తడిసినా ఆరుతాం కదా!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నా భర్త హిందూపురంలో బెల్లం మండీలో పని చేసేవారు. శనివారం వచ్చి సోమవారం వెళ్ళిపోయేవారు. ఇంట్లో నేను, మా అత్త, ఇద్దరు పిల్లలు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాయన సాయంత్రాలు దీపం ముందర కూర్చోబెట్టి భాగవతం చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. ఆయన పెట్టిన భిక్ష అది, ఈ రోజుకీ చేతులు జోడిస్తాను. ఆ నాలుగు అక్షరాల వల్లనే వీధిలో ఎవరికి కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చేవారు. మా లోను అర్జీ కూడా నేనే రాశాను. దానికి జవాబు వచ్చింది: ఓవర్సీయరు వచ్చి చూసేవరకు ఇంటికి ఎలాంటి మరమ్మతూ చేయకూడదు.

మా వైపు మట్టి మిద్దెలకు ప్రతి ఏడూ వానలకు ముందు చౌడు వేయాలి. వంక దగ్గరి తెల్ల మట్టిని గాడిదల మీద తెప్పించి మిద్దె పైన పరుస్తారు. తడిసిందంటే గట్టిపడి, నీళ్ళను లోపలికి దిగనివ్వదు. ఆ పని మా అత్తదే. ఆమె ధర్మవరం మనిషి, చిన్ననాటి నుంచి పట్టు నూలు చుట్టిన చేతులు. మట్టి పరిచినా పోగులు సర్దినట్టే సర్దేది.

“చౌడు తెప్పిస్తానమ్మే,” అంది ఆ ఏడు కూడా, గాజులామె కబురు రాకముందే.

“వద్దత్తా. ముట్టుకుంటే లోను రాదని రాసుండారు.”

“వాన ఆ ఆఫీసులో అడిగి వస్తుందేమ్మే?”

ఆ శనివారం అత్త నా భర్తను అడిగింది. “కాగితం చదివింది ఆయమ్మ కదా, ఆమెకు తెలీదా?” అన్నారు. నాకు లోపల గర్వంగా ఉండింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

గాజులామె కబురు తెచ్చింది ఆ తరువాతి బుధవారం. “రేపే గాడిదలోణ్ణి పిలిపిస్తా, ఊ అను” అంది అత్త. నేను ఊ అనలేదు. లోను లేదని కాగితం రాలేదు కదా, శనివారం ఆయన వచ్చాక చూద్దాం అన్నాను. నోటి మాట కంటే రాత పెద్దదనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం వాన పట్టింది. పిల్లలు గాజులామె ఇంట్లో ఆడుకుంటున్నారు. అది దేవుడి దయ కాక మరేమిటి? మూల దూలం వెంబడి నీళ్ళు ధారగా దిగాయి. గిన్నెలు పెట్టాము, నిండాయి. దూలం కిర్రుమన్నది. నేను అత్త చేయి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. ఆమె చేయి విడిపించుకుంది.

“నీ కాగితం ట్రంకులోనే ఉండాది కదమ్మే. తడిస్తే లోను పోతుంది.”

అక్షరం రాని మనిషి, నా కాగితం కోసం వెనక్కి తిరిగి లోపలికి పోయింది. అత్తా అని అరిచాను. మిద్దె కూలిన చప్పుడులో నా అరుపు నాకే వినబడలేదు.

గాజులామె పరుగెత్తుకొచ్చి, అందరికంటే ముందు ఆ బురద మట్టిలో చేతులు పెట్టింది. “అక్కా, అక్కా” అని పిలుస్తూ తవ్వింది. ఆమె చేతి గాజులన్నీ అందులోనే పగిలిపోయాయి. మా అత్త దొరికేసరికి ఊపిరి లేదు. గాజులామె రక్తం చేతులను నేను కళ్ళకద్దుకున్నాను.

లోను లేదన్న కాగితం తరువాత వచ్చింది. చదివి పొయ్యిలో వేశాను.

కొండకు దావ పడింది, బంగళా లేచింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కోట చూసి మెచ్చుకుని పోతున్నారు. చూడదగ్గ కోటే, కాదనను. నేనూ ఒకసారి వెళ్ళి ఆ బంగళా వసారాలో కూర్చున్నాను. కింద మా వీధి మిద్దెలు చౌడుతో తెల్లగా కనిపించాయి.

మీరెప్పుడైనా ఆ దావన వెళితే, అక్కడ కాసేపు కూర్చుని కిందికి చూడండి. మా అత్తను ఒక్కసారి తలుచుకోండి. చౌడు వేద్దామన్నది ఆమె. వద్దన్నది నేను.