కవరు విప్పిన టీచర్

టీచర్ పోయారని హెడ్మాస్టర్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. గుండెపోటట. వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. "మీకెవరు చెప్పారు సార్? మీరు చూశారా?" అని అడిగాను. "కార్ల నేనే పక్కన కూసున్న మేడం," అన్నారాయన. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఆమె చావుకు కూడా సాక్ష్యం అడిగాను. మా పరిచయం మొదలైందే అలా, ఒకరినొకరు నమ్మకపోవడంతో.

మాది నాగర్‌కర్నూల్. టీచరుకూ పిల్లలకూ మధ్య ఉండే అనుబంధానికీ, పిల్లల వర్కింగ్ మెమరీకీ ఏమైనా సంబంధం ఉందా అన్నది నా పీహెచ్‌డీ అంశం. పేరు పెద్దదే గానీ పని చిన్నది. నేను కొన్ని అంకెలు చెబుతాను. పిల్లలు వాటిని బుర్రలో నిలుపుకొని, చివరి నుంచి మొదటికి తిరిగి చెప్పాలి. పాన్‌గల్ మండలంలో ఒక చిన్న ఊరి బడికి ఆ పని మీదే వెళ్లాను. రెండో తరగతి ఆమెది.

మొదటి రోజు ఆమె లేరు, ఏదో ట్రైనింగ్ ఉందని వనపర్తి వెళ్లారు. పిల్లలు రెండంకెల దగ్గరే ఆగిపోయారు. రేష్మా అనే పిల్ల అసలు నోరే తెరవలేదు. ఆనాటి మార్కులూ, తర్వాతి విడత అంకెల నకలూ ఒక కవర్లో పెట్టి, అంటించి, బడి బీరువాలో ఉంచి వచ్చాను.

రెండు వారాల తర్వాత వెళ్తే ఆమె గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. పొట్టి మనిషి, నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. నా భుజానికున్న సంచిని పైనుంచి కిందికి చూశారు.

"గీ మార్కులు ఏడికి పోతయి మేడం?"

"యూనివర్సిటీకి."

"ఆడికెల్లి?"

నేను సంచి సర్దుకుని లోపలికి నడిచాను. ఆమె కుర్చీ చూపించలేదు. వెనక బల్ల దగ్గర కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకుంటూ ఉండిపోయారు. ఆ రోజు అదే పిల్లలు నాలుగంకెలు తిరగేసి చెప్పారు. రేష్మా కూడా చెప్పింది.

సంతోషించాల్సింది. నాకు మాత్రం కవరు గుర్తొచ్చింది. బీరువా తెరిచి చూస్తే అంటించిన చోట కాగితం కొంచెం ముడతపడి ఉంది. గోటితో గీకితే ఎండిన అన్నం మెతుకు రాలింది. నేను గమ్ముతో అంటించిన కవరు అది.

మూడోసారి అంకెలన్నీ మార్చి తీసుకెళ్లాను. అయినా పిల్లలు చెప్పారు. అయితే టీచరే సైగలు చేస్తోందనుకున్నాను. ఆమె చెవి గోక్కుంటే రాసుకున్నాను, పెన్ను బల్లకు తగిలితే రాసుకున్నాను. పిల్లల్ని పరీక్షించడం పోయి, ఆమె మీద కాపలా అయింది నా పని. ఏదో సాకుతో ఆమెను బయటికి పంపి చూశాను. మార్కులు పడిపోయాయి. ఇక దొరికిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రమే కాగితం తీసి, ఈ టీచరు పిల్లలకు చాటుగా జవాబులు అందిస్తోందని రాసి హెడ్మాస్టరుకిచ్చాను. అది పైకి వెళ్లింది. సంజాయిషీ చెప్పుకోమని ఆమెకు మెమో వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆ మెమో మడిచి నా చేతిలో పెట్టారు. "గిది నీ పనే గద బిడ్డా?" అన్నారు. మేడం పోయి బిడ్డా వచ్చింది. ఆ పిలుపు కోపం కంటే గట్టిగా తగిలింది.

"మీరు కవరు విప్పారు," అన్నాను.

"విప్పిన. అబద్ధమెందుకు? అంకెలు సూడనీకి గాదు, పేర్లున్నయా అని సూడనీకి. ఉండె. పిల్లగాండ్ల పేర్లు, పక్కకు సున్నాలు." ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఎనకట ఒగ సారొచ్చి గిట్లనే లెక్క రాసిండు. వెనకబడ్డోళ్లని గోడకు కాగితం అంటిచ్చిండు. ముగ్గురు ఆడపిల్లలు ఆ కాగితం సూసి బడి మానేసిండ్రు. ఇండ్లకు పోయి బతిమిలాడిన, రాలే. నిన్ను ఎట్ల నమ్మాలె?"

నిజం చెప్పాలంటే ఆ కథ కూడా నేనప్పుడు నమ్మలేదు. ఆమెకది తెలిసిపోయింది.

"సరే. నన్ను ఏడ కూసోబెడ్తవో కూసోబెట్టు. మళ్ల అడుగు," అన్నారు.

కొత్త అంకెలు అప్పటికప్పుడు రాశాను. ఆమె కుర్చీని గోడ వైపు తిప్పాను. పిల్లలకు వీపు తప్ప ఏమీ కనబడదు. చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాను, పెట్టుకున్నారు. నా తల్లి వయసు మనిషిని దొంగలా గోడకెదురుగా కూర్చోబెట్టాను. రేష్మాను పిలిచి నాలుగంకెలు చెప్పాను. తడుముకోకుండా తిరగేసి చెప్పింది. ఐదు చెప్పాను. కాసేపు పైకి చూసి, అవీ చెప్పింది. టీచర్ కదలలేదు.

"టీచర్ నీకేమైనా చెప్పిందా?" అని మెల్లగా అడిగాను.

"ఏం చెప్పలే."

"మరి మొదటిరోజు ఎందుకు చెప్పలేదు?"

రేష్మా నా సంచి వైపు చూసింది. "అండ్ల సూది ఉందనుకున్న. టీచర్ ఉంటే సూదియ్యరు గద."

గోడ వైపు నుంచే టీచర్ అన్నారు: "ఇన్నవా బిడ్డా? ఆల్ల తలకాయ నిండ నీ సంచే ఉండె. ఇంగ అంకెలకు జాగేడిది?"

చదివిన పుస్తకాల్లో ఈ మాట నాకు ఇంత సూటిగా ఎక్కడా దొరకలేదు. అనుమానం కూడా బుర్రలో చోటు తీసుకుంటుంది. ఆ పిల్లల బుర్రల్లో తీసుకుంది, నా బుర్రలో అంతకంటే ఎక్కువ తీసుకుంది.

మర్నాడు వనపర్తి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి, నా ఫిర్యాదు తప్పని రాసివ్వాలనుకున్నాను. కవరు సంగతి వదిలేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అది గూడ రాయి. సగం రాస్తే నీ మీద మళ్ల అనుమానమైతది నాకు." రాశాను. జవాబులు అందించిందన్న ఆరోపణ కొట్టేశారు. కవరు విప్పినందుకు మాత్రం హెచ్చరిక ఇచ్చారు. ఆమె అది ఫైల్లో పెట్టుకుని, "నిజమే గద," అన్నారు. నేను ఆమె ముందే కాగితాల మీద పిల్లల పేర్లున్న భాగాన్ని కత్తిరించాను. ముక్కలు ఆమే ఏరి బడి వంటపొయ్యిలో వేశారు, ఒక్కటైనా మిగిలిందేమోనని నా సంచి కూడా దులిపి చూసి.

ఆమె తీరే అంత. మధ్యాహ్న భోజనం పప్పు తాను ఒక ముద్ద తిని, కాసేపు ఆగితే గానీ పిల్లలకు వడ్డించనిచ్చేవారు కాదు. నులిపురుగుల గోలీలు వస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని గడువు తారీఖు రెండుసార్లు చదివేవారు. వంటమ్మ గొణిగేది, గోలీలు తెచ్చిన ఏఎన్‌ఎం నవ్వేది. ఆమె పట్టించుకునేవారు కాదు. "నేను అనుమానపడ్తేనే పోరగాండ్లు నిమ్మలంగ ఉంటరు," అన్నారొకసారి.

ఆ తరగతి మార్కులు నా సిద్ధాంత గ్రంథంలో వాడలేదు. మిగతా బడుల్లో సంచి లేకుండా వెళ్లి, వారం రోజులు పిల్లలతో ఊరికే కూర్చున్నాకే అంకెలు అడిగాను. ఒక్కో అధ్యాయం ముగిసినప్పుడల్లా ఫోన్ చేసేదాన్ని. "ఇంగా అంకెలే నడుస్తున్నయా? పిల్లలు వచ్చిండ్రా అండ్లకు?" అని అడిగేవారు. ఆఖరి అధ్యాయంలో పిల్లలు వచ్చారు, టీచర్. మీకు చెప్పడం మాత్రం కుదరలేదు.

దినాలకు వెళ్లి వస్తూ బడి ముందు రోడ్డు మీద ఆగాను. అక్కడ ఒక సాయంత్రం నేను చూసిన దృశ్యం ఇంకా కళ్ల ముందే ఉంది. బడి విడిచిన వేళ. పత్తి లోడు లారీ హారన్ కొడుతూ వస్తోంది. ఆమె రోడ్డు నడుమ నిలబడి ఒక చెయ్యి అడ్డంగా చాపారు. లారీ వైపు చూడనే లేదు. దాటుతున్న పిల్లల వైపు చూస్తూ, పెదాలతో ఒక్కొక్కరి పేరూ చదువుతున్నారు. డ్రైవర్ హారన్ ఆపాడు, కాసేపటికి ఇంజనూ ఆపేశాడు. గాలికి లేచిన పత్తిపింజలు ఆమె జుట్టు మీద, చాపిన చేతి మీద వాలుతున్నాయి. ఆఖరి పిల్ల దాటేదాకా ఆ చెయ్యి దిగలేదు.