రాత్రిరంగు కింద తెల్లమచ్చలు

2010 జూలైలో, ఒక ముసురు పొద్దున మా సైనిక వర్క్‌షాపు వాళ్ళం రావిర్యాల దారిలోని షెడ్డుకు చేరాం. రేకుల మీద వాన మోత. కింద ఎర్రబురద. ట్రక్కులోంచి ఉక్కు గొట్టాలు, రెండు చిన్న ఇంజన్లు, గుడ్డ తానులు, డోపు డబ్బాలు దించాం. డోపు అంటే విమానం గుడ్డను డప్పు తోలులా బిగించే పూత.

రెండు ప్రపంచయుద్ధాల నడుమ బ్రిటిష్‌వాళ్ళు చేసిన రాత్రి బాంబర్ హెండన్‌కు ప్రదర్శన కోసం మూడోవంతు నమూనా కట్టాలని పైనుంచి ఉత్తర్వు. ఎగరనక్కర్లేదు, పక్కనే విమానాశ్రయం. నేల మీద పరుగెత్తితే చాలు.

ఆఫీసర్‌ది కాకినాడ వైపు. "అసలు హెండన్ మొదటిది దిగేటప్పుడు దెబ్బతిందయ్యా. వేరే ఇంజన్లు పెట్టి మళ్ళీ నిలబెట్టారు. ఈలోగా పెద్ద ఆర్డరు ఇంకో విమానానికి పోయింది. మనకు ఆలస్యం వద్దు" అన్నారు.

గుడ్డ కుట్టేవాడిది షాద్‌నగర్. అందరం దర్జీ అనేవాళ్ళం. అతని భార్య దవాఖానలో ఉంది. నమూనా సరిగా పరుగెత్తితే అతన్ని ఇక్కడే ఉంచుతామని ఆఫీసర్ మాటిచ్చారు. లేకుంటే మళ్ళీ సరిహద్దుకే.

"నా పెండ్లి షేర్వానీ గూడ గింత మంచిగ కుట్టుకోలే అన్నా" అని నవ్వేవాడు.

పూత పని నాది. గాలిలో తేమ ఎక్కువైతే డోపు తెల్లబడి పట్టు వదిలేస్తుంది. గోడ మీది తేమ గేజీ ముల్లు ఎర్రగీత దాటితే డబ్బా మూత తియ్యకూడదు.

పరుగుకు ముందురోజు ముల్లు గీత దాటింది.

"ఇయ్యాల ఒద్దన్నా. జర ఎండ రానియ్యి."

"నీ సూది నువ్వు చూస్కో. డోపు సంగతి నాకు తెల్వదా?"

వద్దని ఆఫీసర్‌కు చెప్పే ధైర్యం లేక దర్జీ మీద విరుచుకుపడ్డాను. డోపు పూశాను. రెక్క మీద పాలమచ్చలు లేచాయి. వాటి మీద ముదురాకుపచ్చ రాత్రిరంగు వేశాను. ఏమీ కనబడలేదు.

మర్నాడు పరుగు మొదలైంది. తోక వెనక నడుస్తున్న దర్జీ గొంతు వాకీటాకీలో పగిలింది. "గుడ్డ లేస్తాంది సార్! ఆపుండ్రి!"

రెక్క గుడ్డ చీలి ఇంజన్ పంకాకు చుట్టుకుంది. నమూనా పక్కకు తిరిగి కాలువలో పడింది.

"ఎవరిదయ్యా ఈ కుట్టు?" అన్నారు ఆఫీసర్.

"నాదే సార్." దర్జీ నా వైపు చూశాడు. నేను చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాను.

ఆ వారమే అతనికి సరిహద్దు ఉత్తర్వు వచ్చింది. అతని భార్య ఇంకా దవాఖానలోనే ఉంది. నేను మాత్రం సర్వీసు ముగించుకుని రాజేంద్రనగర్‌లో ఇంటికి చేరాను. దెబ్బతిన్న హెండన్‌ను మళ్ళీ నిలబెట్టిన సంగతి గుర్తొస్తే సిగ్గేస్తుంది. దర్జీని నిలబెట్టడానికి నా ఒక్క మాట చాలేది.

నన్ను వదలనిది పరుగు రోజు సాయంత్రమే. చినిగిన గుడ్డను దర్జీ బల్ల మీద పరిచాడు. రంగు పెచ్చులూడిన చోట తెల్లమచ్చలు. కుట్టు వెంట బొటనవేలు నడిపించాడు.

"ఒక్క పోగు తెగలేదన్నా."

అతను గుడ్డ మడిచాడు, తెల్లమచ్చలు లోపలికి పోయేటట్టు.

"ఇగ పోయి తిను. బువ్వ సల్లారుతది."