పళ్ళక్క పెట్టెలో పరాయి మూటలు

నేను కట్టిన పెట్టె సంగతి మీకు తెలియకపోతే తప్పు మీది. ఒకసారి నేను మేకులు కొట్టిన చెక్కపెట్టె ఓడ మీంచి జారి సముద్రంలో పడింది. మూడు నెలలు తేలుతూ తేలుతూ వెళ్ళి, పైన రాసిన చిరునామా ఏ ఊరిదో ఆ ఊరి ఒడ్డుకే చేరింది. విప్పి చూస్తే లోపల డజను గాజు గ్లాసులకి పదమూడు ఉన్నాయి. నమ్మనివాళ్ళని నేను బలవంతం చెయ్యను. నమ్మేవాళ్ళకి మాత్రం పద్నాలుగని చెబుతాను.

ఇంతటి పనితనం ఉన్న నన్ను ఒకే ఒక్క పెట్టె నవ్వులపాలు చేసింది. అది మా వీధి పళ్ళక్కది.

పళ్ళక్క పదిహేడో ఏట పళ్ళ డాక్టరు గది వెనకున్న ఇరుకు గదిలోకి వెళ్ళి, నలభై ఏడో ఏట బయటికొచ్చింది. మధ్యలో ముప్ఫై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసింది. ఆ గదిలో ఒక స్పిరిటు దీపం, మైనం కత్తులు, గిర్రున తిరిగే పాలిష్ మోటారు, పై దవడనీ కింద దవడనీ బిగించి ఆడించి చూసే ఇత్తడి కీళ్ళు. గోడల నిండా అరలు, అరల నిండా జనం నోళ్ళ తాలూకు సుద్ద అచ్చులు. మా వీధిలో యాభై దాటినవాళ్ళు నవ్వితే అందులో సగం నవ్వు ఆమె చేతిపనే. ఆ కృతజ్ఞత జనం బాగానే తీర్చుకున్నారు. ఆమె అమర్చిన పళ్ళతోనే ఆమెని నమిలారు. పెళ్ళి చేసుకోలేదేమని నమిలారు, ఎవరితోనూ మాట్లాడదేమని నమిలారు, ఏమీ దొరకని రోజున ఆమె చీర రంగు నమిలారు.

రోజంతా నోళ్ళతోనే పని కాబట్టి కాబోలు, తన నోరు మాత్రం తెరిచేది కాదు. ఎవరేమడిగినా ఒకటే మాట: "సరే."

ఆమె బల్ల గురించి చెప్పాలి. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి ఎడమ మోచెయ్యి విరిగింది. అతికింది కానీ తిన్నగా సాగదు. అందుకని డాక్టరు ఆమె కోసమే ఒక బల్ల చేయించాడు. ముందు అంచు చంద్రవంకలా కోసి, ఎడమవైపు మోచెయ్యి ఒదిగేటట్టు ఒక గుంట చెక్కించాడు. ఆ గుంటలో మోచెయ్యి ఆనిస్తే ఆమె చెయ్యి రాయిలా నిలుస్తుంది. వేరే ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టినా అదే చెయ్యి గాలిలో ఆకులా వణుకుతుంది.

డాక్టరుకి ముసలితనం వచ్చి దుకాణం మూసేస్తున్నాడని తెలిసిన రోజున, పళ్ళక్క ఉంటున్న అన్నగారింట్లో అందరూ ఆమె మీద జాలి పడ్డారు. జాలికి ఖర్చుండదు కదా! ఆమె అంతకు నెల ముందే ఒక పళ్ళ సెట్టు చేసి సముద్రం అవతలి దేశంలో ఒక పళ్ళ తయారీశాలకి పంపిందని, అక్కణ్ణుంచి జవాబు కూడా వచ్చిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఉత్తరం నేనే చదివాను. ఒకటో తారీఖున పనిలో చేరాలి. బల్ల, పనిముట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటి నెల పని చూసి ఉంచుకుంటారు, నచ్చకపోతే తిప్పి పంపిస్తారు. సామానుకి ఓడ కిరాయి వాళ్ళదే. కానీ ఒక్క ఘనమీటరు వరకే, అది దాటితే అంగుళమైనా తీసుకోరు.

"నలభై ఏడేళ్ళకి ఒక్కతీ దేశం దాటుతుందిట!" అని సంగతి తెలిసిన రోజున మంచం మీంచే ప్రకటించింది వాళ్ళ మేనత్త. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"వెళ్ళనీండి అత్తయ్యా. నెల తిరక్కుండా తిరిగొస్తుంది, మళ్ళీ దాని గది మనమే ఊడ్చి పెట్టాలి," అంది వదినగారు. ఆ గదిలో అప్పటికే ఆవిడ తన పాత పరుపులు పెట్టడానికి చోటు కొలుచుకుంది.

పళ్ళక్క డాక్టరు గదికి వెళ్ళింది. అరల మీద అచ్చులన్నీ సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "ఇది మీ నోరు. ఇక మీరే దాచుకోండి," అని ఎవరిది వాళ్ళకి ఇచ్చి వచ్చింది. ఇవాళ్టికీ మా వీధిలో ఏ ఇంటికెళ్ళినా టీవీ పక్కన ఒక సుద్ద దవడ ఇకిలిస్తూ ఉంటుంది. పారేద్దామంటే సొంత నోరాయె.

ఇంతలో పెట్టె సంగతి బయటపడింది. కిరాయి లేకుండా సముద్రం దాటే పెట్టె! పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు, ఈ మాట నాలుగు గోడలు దాటేసరికే అందరి గొంతుల్లోనూ తేనె ఊరింది.

"మా చెల్లెలి కూతురు ఉండేది ఆ దేశమే కదమ్మాయ్! ఈ నిలువుటద్దం దానికి చేరిస్తే చాలు," అంది వదినగారు.

"ఆ పిల్ల ఉండే ఊరికీ అక్క వెళ్ళే ఊరికీ రెండ్రోజుల రైలు ప్రయాణం వదినా," అన్నాను నేను.

"ఒకే దేశం కదరా! పక్క పక్కనే ఉంటాయి."

మేనత్త ఒక ఇత్తడి గంగాళం దొర్లించుకొచ్చింది. ఎవరికని అడిగితే, "పంపుతూ ఉండు, ఎవరికో నేను ఆలోచించి చెబుతాను," అంది. అన్నగారు నాలుగు వైపులా కుట్లు వేసిన బరువైన గోనెమూట తెచ్చి, "బట్టలు," అన్నారు. రాళ్ళని బట్టలనుకుంటే సరిగ్గా అంతే బరువు. వీళ్ళంతా కూర్చోమంటే పడుకునే రకం. పళ్ళక్క వాళ్ళందరికీ ఇచ్చిన జవాబు మీకు తెలిసిందే.

"అక్కా, సరే అంటావేమిటి? నీ బల్ల ఎక్కడ పెట్టను?"

"నీ పనితనం గురించి నువ్వే చెబుతావు కదా, బడిదొంగా. పట్టించు."

పట్టించాను! మీరు నమ్మాలి. బల్ల విప్పి, కాళ్ళు గంగాళంలో నిలబెట్టి, పాలిష్ మోటారుని దుప్పట్లో చుట్టి, అద్దం వెనక బల్లచెక్క ఆనించి, సందుల్లో మైనం కత్తుల డబ్బా, ఇత్తడి కీళ్ళు, ఆమె చీరలు, గోనెమూట అన్నీ దూర్చాను. చీమ కూడా దారి అడిగి లోపలికి వెళ్ళాలి. అన్ని వైపులా సరిగ్గా మీటరు. మూత కొట్టి, ఛాతీ విరుచుకుని, రేవు గోదాముకి తీసుకెళ్ళాను. సామాను భద్రం చూడాలని ముగ్గురు బంధువులూ వెంట వచ్చారు. పళ్ళక్క భద్రం గురించి ఎవరూ రాలేదు.

గోదాములో కొలతల గుమాస్తా టేపు తీశాడు. అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు, కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఎవరయ్యా కట్టింది?"

"నేనేనండి."

"లోపల కొలిచావా, బయట కొలిచావా?"

సామాను ఉండేది లోపల కాబట్టి లోపలే కొలిచాను. చెక్క మందం రెండు వైపులా కలిపి రెండంగుళాలు పెరిగింది. యంత్రం ఎత్తడానికి వీలుగా అడుగున కొట్టిన దుంగలతో ఎత్తు ఆరంగుళాలు పెరిగింది. ఘనపరిమాణం పాఠం చెప్పిన రోజే నేను బడి గోడ దూకి శాశ్వతంగా ఇవతలకి వచ్చాను. ఆ పాఠం ముప్ఫై ఏళ్ళు కాచుకుని రేవులో నన్ను పట్టుకుంది.

"ఇది వెళ్ళదు. నాలుగు గంటలకి కంటెయినరు తలుపు వేసేస్తారు. ఆలోగా చిన్నది చేసి తెస్తే సరి, లేకపోతే మళ్ళీ ఓడ ఆరు వారాలకి," అన్నాడు గుమాస్తా.

ఆరు వారాలకి ఓడెక్కితే ఆ బల్ల చేరేసరికి పరీక్ష నెల అయిపోతుంది. వణికే చేత్తో చేసిన పళ్ళు చూసి ఆమెని తిప్పి పంపేస్తారు. అప్పటికి సమయం ఒంటిగంట పది.

మూత ఊడదీశాను. ఏదో ఒకటి బయటికి రావాలి. అందరి చూపులూ ఒకేసారి బల్ల మీద పడ్డాయి.

"బల్ల తీసెయ్యి," అన్నారు అన్నగారు. "అంత పెద్ద దేశంలో బల్లలుండవా?"

"చెక్కే కదే పిల్లా! ప్రాణమా?" అంది మేనత్త.

"మా అద్దం పగిలితే మళ్ళీ దొరకదమ్మాయ్," అంది వదినగారు.

ఇక్కడ నా గొప్ప కూడా చెప్పుకోవాలి. తప్పు నాది కాబట్టి త్వరగా తేలిపోతే చాలనిపించి, నేను కూడా గొణిగాను: "అక్కా, అక్కడ ఒక వడ్రంగిని చూసుకుంటే..."

పళ్ళక్క నా వైపు చూసింది. పుచ్చిన పంటిని డాక్టరు అలాగే చూసేవాడు.

"ఎలాగూ విప్పారు కదా, జాబితా కూడా ఇప్పుడే రాసెయ్యండమ్మా," అన్నాడు గుమాస్తా కాగితం ఇస్తూ. "ఒక్కో వస్తువు నేను అడుగుతాను. మీ సొంతమైతేనే రాసి సంతకం పెట్టాలి. అవతల ఏది విప్పి అడిగినా జవాబు చెప్పుకోవాల్సింది మీరొక్కరే."

"అన్నీ దానివే, రాసుకోండి," అన్నారు అన్నగారు.

పళ్ళక్క తన బల్లచెక్కని ఒక నూనెపీపా మీద వేయించుకుంది. ఎడమ మోచెయ్యి గుంటలో ఆనించి, కలం పట్టుకుంది.

"ఈ అద్దం మీదేనా?"

నిలువుటద్దంలో ఆమె వెనక ముగ్గురు బంధువులు కనబడుతున్నారు. ముగ్గురూ ఒకేసారి తలలూపుతున్నారు.

"కాదు," అంది పళ్ళక్క.

నేను ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. గుమాస్తాకి తెలియదు పాపం, మామూలుగా తరవాతి దానికి వెళ్ళాడు.

"ఈ గంగాళం?"

"కాదు."

"ఈ మూట?"

"కాదు. లోపల ఏముందో కూడా నాకు తెలియదు."

తెలియని మూట గోదాములో ఉంచరు. కుట్లు కోశారు. లోపల డెబ్బై పుస్తకాలు. అన్నగారు స్వయంగా రాసి, స్వయంగా అచ్చువేయించుకున్న నీతివాక్యాలు. ఇక్కడ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పాపం అవతలి దేశం మీదికి వదులుతున్నారన్న మాట. గుమాస్తా ఒకటి తెరిచి పైకి చదివాడు: "పరుల సొమ్ము పాము వంటిది." చదివి అన్నగారి వైపు చూశాడు. అన్నగారు గోదాము పైకప్పు చూశారు. రేకులు బాగానే ఉన్నాయి.

"తోడబుట్టినవాణ్ణి పదిమందిలో ఇలాగా చేసేది!"

"నువ్వే వచ్చి సంతకం పెట్టు అన్నయ్యా, రాసుకుంటాను," అని కలం చాపింది పళ్ళక్క. "వదినా, మీరూ రండి. అత్తా, నువ్వూ."

సంతకం అనేసరికి ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు. మేనత్తకి మాత్రం రోషం ముంచుకొచ్చింది. "నీ పెట్టే వద్దు, నువ్వూ వద్దు! నువ్వు చేసిన ఈ పళ్ళు కూడా నాకొద్దు!" అని రెండు వరసలూ పీకి బల్ల మీద టక్కున పెట్టింది. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేం అంటారు, ఈవిడకి ఆ రాయి కూడా అక్కర్లేదు. అక్కణ్ణుంచి ఆవిడ తిట్టిన తిట్లు ఘోరమైనవే అయి ఉంటాయి, కానీ మాకు గాలి తప్ప ఏమీ చేరలేదు. తిట్టి తిట్టి, ఎవరికీ అర్థం కావడం లేదని గ్రహించి, పళ్ళు తీసుకుని కొళాయి దగ్గర కడుక్కుని మళ్ళీ పెట్టుకుంది.

అప్పటికి పెట్టె సగం ఖాళీ.

"ఇంత ఖాళీ ఉంటే లోపలివి దొర్లి విరుగుతాయి," అన్నాడు గుమాస్తా.

"చూశారా, చోటుంది!" అని వదినగారు అద్దం ఎత్తుకుని ఉరికి వచ్చింది. ఆశ చావని ఇలాంటి మనుషులు సైన్యంలో ఉండాలి, ఏ కోటైనా పడిపోతుంది.

"పెట్టె కొయ్యి," అంది నాతో పళ్ళక్క.

రెండున్నర. పెన్సిలు ఆమే తీసుకుంది. టేపు కూడా లాక్కుంది. "బయటినుంచి కొలవాలి," అని ఒక్కసారి అని ఊరుకుంది. వెంట్రుక మందం తేడా వస్తే నోట్లో పన్ను గుచ్చుకునే పని ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి గీసిన గీత అది. నా జన్మలో నేను అంత తిన్నటి గీత మీద రంపం నడపలేదు. ఆమె పలకలు పట్టుకుంది, నేను కోశాను. పలక వంకరగా పట్టినప్పుడు నన్ను రెండుసార్లు తిట్టింది కూడా. ఆ తిట్లు స్పష్టంగా వినబడ్డాయి. బల్లచెక్క అడుగున, మోటారు మధ్యలో, కీళ్ళు చీరల మధ్యన సర్దాం. జాబితాలో పద్దెనిమిది వస్తువులు, ప్రతిదాని పక్కనా "నాది" అని రాసి ఉంది. నాలుగుకి పన్నెండు నిమిషాలుందనగా గుమాస్తా కొలిచి, తల ఊపి, ముద్ర కొట్టాడు.

తిరుగు బస్సులో వదినగారి అద్దానికి టిక్కెట్టు తీసుకోమన్నాడు కండక్టరు. అన్నగారు దిగేవరకూ నీతివాక్యాలు ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నారు. పళ్ళక్క కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది.

పది రోజుల తరవాత ఆమె విమానం ఎక్కింది. ఆమె పనిలో చేరకముందే, ఇరవై తొమ్మిదో తారీఖున బల్ల చేరింది. ఒక కాలు కొంచెం ఊగుతోందట, అట్టముక్క పెట్టుకుందట. నెల తిరిగాక నాకు ఫోను చేసింది.

"ఉంచుకున్నారు."

"నా పెట్టె మహిమ అక్కా అది!"

"నోరు ముయ్యి," అంది. ఆ మాట అనడం ఆమెకి అప్పటికి బాగానే అలవాటైనట్టుంది.

ఇక్కడ మేనత్త చిగుళ్ళు అరిగి పళ్ళు వదులయ్యాయి. మాట్లాడుతుంటే మాటకంటే ముందు పళ్ళు టకటకమంటున్నాయి. ఊళ్ళో మరొకరు చెయ్యలేరు. టీవీ పక్కనున్న సుద్ద దవడ పంపిస్తే కొత్త సెట్టు చేసి పంపుతుందేమో కనుక్కోమని నన్ను పట్టుకున్నారు. కనుక్కున్నాను.

"పాత అచ్చుకి కొత్త చిగుళ్ళు కుదరవు. నోరు నేను చూడాలి. రమ్మను," అంది పళ్ళక్క.

ఆ మాట తీసుకెళ్ళి మేనత్తకి చెప్పాను. ఆవిడ దవడ సర్దుకుంది. గొంతు తగ్గించి అడిగింది:

"ఏరా, నేను వెళ్తే ఎంత సామాను పట్టుకెళ్ళనిస్తారు?"