తువ్వాలు కింద చేతులు

మహాదేవి సాధించిన మొదటి గెలుపు ఒక దొంగ ఖాతాను మూయించడం. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే పాండురంగయ్య కోడలు కన్యక. ఆమె పెళ్లిఫోటో ఎవడో ఎత్తుకుపోయి, ఆమె పేరుతోనే ఖాతా తెరిచి, రాయకూడని రాతలు రాశాడు. ఇంట్లోవాళ్లు కన్యక ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టారు. ఫోన్ బీరువాలో ఉంది గానీ ఫోటో మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉంది. ఇక లాభం లేదని, పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగట్లో పనిచేసే మహాదేవి దగ్గరికి కన్యక కొంగు కప్పుకుని వచ్చింది. మహాదేవి కంపెనీకి ఫిర్యాదు పంపింది. జవాబు లేకపోతే మళ్లీ పంపింది. సైబర్ పోలీసులకు ఫోన్ చేసింది, కర్నూలు దాకా పోయి వచ్చింది. ఒక మధ్యాహ్నం చూస్తే ఆ ఖాతా లేదు. అరచేతిలోని దూదిపింజను ఎవరో ఊదేసినట్టు పోయింది.

అది మొదటిదే గానీ ఒక్కటే కాదు. చిప్పగిరి మండలంలోని తన మెట్టపల్లెలో పదో తరగతి ఫస్టుక్లాసులో దాటిన తొలి ఆడపిల్ల మహాదేవే. ఆదోనిలో డిగ్రీ చదివిందీ ఆమే. మగపిల్లల మధ్య కూర్చుని స్క్రూడ్రైవరు పట్టి, చచ్చిన ఫోన్లకు ప్రాణం పోసిందీ ఆమే. ఒకప్పుడు ఎద్దుల దలాలి గోవిందన్న కూతురు అనేవాళ్లు. ఇప్పుడు ఆయన్నే మహాదేవి నాయన అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా గోవిందన్న మీసం ఒకసారి తడుముకుంటాడు.

కోడలి పరువు నిలబడిన సంతోషంలో పాండురంగయ్య పత్తి నుంచి గింజ తీసే తన జిన్నింగు మిల్లులో ఖాళీగా ఉన్న షెడ్డును ఆదివారాలు వాడుకోమన్నాడు. రేకుల సందుల్లోంచి దిగే ఎండలో దూదిపొట్టు తేలుతూ ఉండేది. పత్తి ఏరే ఆడవాళ్లు చాపల మీద కూర్చుని, ఆ తేలే వెలుగులో తమ ఫోన్లు తెరిచి చూసుకునేవాళ్లు. ఎవరికీ ఆధార్ నంబరు ఇవ్వొద్దని, ఓటీపీ చెప్పొద్దని, పాస్‌వర్డుగా మొగుడి పేరు పెట్టుకోవద్దని మహాదేవి నేర్పేది. అవతల ఊళ్లో ఉన్న అక్క ముఖం తెరమీద కనబడగానే ఒకామె అది తెర అని మరిచిపోయి, ఆ ముఖాన్ని నిమిరి, ఫోన్ కట్ చేసుకునేది. మహాదేవికి అప్పుడప్పుడు అనిపించేది, ఈ మాటలన్నీ కూడా దూదిపొట్టులాగే గాలిలో పోతూ ఉంటాయేమో, కంటికి కనబడకుండా చేలమీదుగా, కొండలమీదుగా, అడిగేవాళ్లు లేకుండా.

అంతలో చిక్కు వచ్చింది. కన్యక కథ ఆ నోటా ఈ నోటా మహాదేవి పల్లెకు చేరింది. పెద్దమనిషి తిక్కయ్య నలుగురినీ కూర్చోబెట్టి, పెళ్లికాని పిల్లల చేతుల్లో ఫోన్లు ఉండకూడదన్నాడు. మహాదేవి పోయి బతిమాలింది. భయమైతే జాగ్రత్త నేర్పాలి గానీ లాక్కుంటే ఎట్లా అంది. నేర్పే చోటు ఊళ్లో యాడుందో చూపించమన్నాడు తిక్కయ్య. పత్తి పంట వచ్చేదాకా గడువిచ్చాడు. పంట వస్తే ఆదోని షెడ్డు కూడా పత్తి బేళ్లతో నిండిపోతుంది. పల్లెలో ఒక గది, నాలుగు ఫోన్లు, నేర్పే మనిషికి ఇంత జీతం కావాలి. అవి లేకపోతే పిల్లల ఫోన్లన్నీ బీరువాల్లోకే.

దారి కన్యకకే దొరికింది. ఇంటర్నెట్‌ను జనం స్వేచ్ఛగా, భయం లేకుండా వాడుకునేందుకు పనిచేసేవాళ్లకు బెంగుళూరులో ఒక సంస్థ గ్రాంటు ఇస్తుందట. ఇద్దరూ దరఖాస్తుకు కూర్చున్నారు. మన పక్క దరఖాస్తు అంటే అర్జీయే కదా. మహారాజశ్రీ అధికారివారి సముఖమునకు అని మొదలుపెట్టి, మేము కడు బీదవారము, తమరు దయతలచవలెను అని మహాదేవి చక్కటి చేతిరాతతో రాసింది. మీరు ఎవరికోసం పనిచేస్తున్నారో వాళ్లు నిజంగా ఉన్నారని మాకెలా తెలుస్తుంది అని దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. ఏ ఆఫీసుకు పోయినా అడిగేది ఒక్కటే గనక మహాదేవి ఇంకేమీ ఆలోచించలేదు. ఆదివారం షెడ్డులో అందరినీ ఆధార్ జిరాక్సులు తెమ్మంది. అందరూ తెచ్చారు కూడా.

పత్తి ఏరే హుసేనమ్మ మాత్రం జిరాక్సును రవికలోంచి సగం తీసి ఆగింది.

“మే మాదేవీ, ఎవురికీ ఇయ్యొద్దు, ఎవురికీ ఇయ్యొద్దు అని ఆదివారమాదివారం మా సెవులు తూట్లు పొడిస్తివి. ఇప్పుడు సక్కగా నీకే ఇయ్యాల్నా?”

ఆడవాళ్లు నవ్వారు. మహాదేవి నవ్వలేదు. చేతిలోని కాగితాల వైపు చూసుకుంది. అన్నిటి మీదా ముఖాలు. బెదిరిన కళ్లతో, నల్లగా, అలుక్కుపోయిన ముఖాలు. ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. మరి వీళ్లు నిజమని బెంగుళూరుకు ఏం చూపించాలి?

ఆ ఆలోచనతోనే, సంతకు పోయిన నాయన్ను చూడడానికి ఎమ్మిగనూరు బస్సెక్కింది. కిటికీ పక్కన చేలు తెల్లగా విచ్చుకుంటున్నాయి. కన్ను మూతపడితే మేలుకున్నదో కలగంటున్నదో తెలియలేదు. చిన్నప్పటి జాతర వచ్చి ఒళ్లో కూర్చుంది. ఎద్దుల కొమ్ములకు రంగులు, దుమ్ములో మెరిసే గంటలు. ధర పైకి అనకుండా వేళ్లు ఒత్తి చెప్పుకునే ఇద్దరు మనుషుల చేతుల మీద కప్పిన తువ్వాలు. దానికింద తన చిన్న చెయ్యి దూరిస్తే అంతా చీకటి, వెచ్చదనం, నాయన వేళ్లు. బస్సు ఎమ్మిగనూరులో ఆగేసరికి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడూ కలలోదే అనుకుని ఆమె కాసేపు దిగలేదు.

గోవిందన్న ఎద్దుల సంతలో అప్పుడే ఒక జత బేరం ముగించాడు. తువ్వాలు ఇంకా ముంజేతి మీదే ఉంది. పైకి చెప్పేస్తే పోయేదానికి ఆ మరుగెందుకని కూతురు అడిగింది.

“పదిమంది సూస్తాండారని బేరం మానుకుంటామా పాపా? రోంత తువ్వాలు కప్పుకుంటాం. ఎద్దు అందురికీ కనబడాల. దర మాత్రం ఇద్దురికే తెలియాల.”

మహాదేవి తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. ఆయన ఆమె వేళ్లు పట్టుకుని, చిన్నప్పుడు నేర్పిన లెక్కతో ఒక ధర చెప్పాడు. ఆమె ఇంకోటి చెప్పింది. గడుసుదానా, ఇంత తక్కువకు అడుగుతావా అని ఆయన పకపక నవ్వాడు.

ఆదోనికి తిరిగొచ్చాక కన్యకా తనూ కలిసి అర్జీ చింపేసి కొత్తగా రాశారు. దయతలచమని అడగలేదు. ఫోన్ లాక్కోవడం బేరం ఆపేయడమని, తాము నేర్పేది తువ్వాలు కప్పుకోవడమని రాశారు. ఆ ప్రశ్న దగ్గర, మా ఆడవాళ్ల పేర్లు చెప్పం, వచ్చి వాళ్ల పక్కన కూర్చోండి అని రాసి, ఒక్క ఫోటో జతచేశారు. ఎర్ర అంచు తువ్వాలు, దానికింద రెండు చేతుల ఆకారం, అంతే. కన్యక దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ, ఇట్లా రాస్తే ఇస్తారా అక్కా అంది.

“ఇయ్యకపోతే పోనీ కన్యకా. వాళ్ల పేర్లిచ్చి గది తెచ్చుకుంటే, ఆ గదిలోకి ఎవురొస్తారు?”

పత్తి వచ్చేసింది. షెడ్డు నిండిపోయింది. ఆడవాళ్లు బేళ్ల నీడలో బయటే కూర్చున్నారు. ఇక రాదనుకున్న పిలుపు బెంగుళూరు నుంచి అప్పుడొచ్చింది. పేర్లు అవసరం లేదు, ఆ తువ్వాలు సంగతి మీరే వచ్చి చెప్పండి, గ్రాంటు ఎవరికో ఇక్కడే నిర్ణయిస్తాం అన్నారు. మహాదేవి పోయి తిక్కయ్యకు చెప్పింది. పేర్లే అడగకుండా పిలిచినారా అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆ యమ్మి బెంగుళూరు పోయి వచ్చేదాకా పిల్లల ఫోన్లు పిల్లల దగ్గరే ఉండనీండి అన్నాడు చివరికి, అక్కడున్న నలుగురితో.

ఆ పల్లె నుంచి ఇట్లాంటి పనిమీద బెంగుళూరు రైలెక్కిన మొదటి మనిషి మహాదేవి. గోవిందన్న తన తువ్వాలు ఇచ్చి పంపాడు. స్టేషనులో హుసేనమ్మ తన కొంగు కింద ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్లు గట్టిగా ఒత్తి వదిలింది. రైలు కదిలాక మహాదేవి జడలో ఒక దూదిపింజ ఇంకా ఊగుతూ ఉంది. గది వస్తుందో రాదో ఆమె వచ్చి చెప్పాల్సిందే. ఆమె తిరిగొచ్చే రైలు ఆదోనిలో ఆగేది కార్తీక పౌర్ణమి నాడు, 2025 నవంబరు ఐదో తేదీ, బుధవారం.