వానమ్మ ఇంటి మెట్ల కింద

"కాళ్ల కింద నేల కదిలిపోయింది" అనే మాటను మిగతా ఊళ్లలో మాటవరసకు అంటారు. ఆ ఊళ్లో ఎవరైనా అలా అంటే, వినేవాళ్లు ముందు "ఏ వీధిలో?" అని అడుగుతారు. నూటయాభై ఏళ్లపాటు బొగ్గు తవ్విన ఊరది. ఆఖరి గని మూతపడి ముప్ఫై ఏళ్లయింది. పైన బడి, బస్టాండు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు బారులు తీరిన రెండంతస్తుల ఇళ్లు. కింద ఎన్ని మైళ్ల సొరంగాలున్నాయో చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకే అక్కడ ఇల్లు కొనాలనుకున్నవాళ్లు బేరం మొదలెట్టకముందే గోళీ మేడంకు ఫోను చేస్తారు.

ఆమె అసలు పేరు రిపోర్టుల కింద సంతకంలో తప్ప ఎక్కడా కనిపించదు. సంచీలో తేమ కొలిచే మీటరు, గాలిని పరీక్షించే మీటరు, వాలు చూసే పరికరం అన్నీ ఉంటాయి. అయినా ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు బయటికి వచ్చేది ఒక నీలం గాజు గోళీ. దాన్ని నేల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడుతుంది. "మీటరు చెప్పింది మనుషులు సగం వింటారు. గోళీ దొర్లితే మాత్రం నోరు మూసుకుని చూస్తారు" అంటుంది.

ఇరవై రెండేళ్ల వయసులో ఒక సర్వేయరు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఆయన చెప్పినవి టైపు కొట్టీ కొట్టీ, ఏ బీటకు భయపడాలో ఏ బీటకు సున్నం రాస్తే చాలో ఆమెకే తెలిసిపోయింది. ఒకరోజు ఆయన చెప్పింది టైపు చేయకుండా ఆగి, "సార్, నిన్న ఈ గోడ తూర్పుది అన్నారు, ఇవాళ పడమరది అంటున్నారు" అంది. ఆయన కాసేపు ఆమె వంక చూసి, "రేపట్నుంచి నాతో వచ్చి నువ్వే చూడు" అన్నాడు. అలా మొదలైంది. సాయంకాలాలు చదివి పరీక్షలు కట్టింది. ఇప్పుడామెకు యాభై ఒకటి. ఆ ఊళ్లో ఆమె పాకని అటకా, వంగి చూడని తూమూ లేవు.

ఆ ఏడు ఆమెను పిలిచింది ఒక బస్సు డ్రైవరు. భార్యకు ఏడో నెల. బిడ్డ పుట్టేలోగా సొంతింట్లో ఉండాలని వాళ్ల ఆరాటం. చూసిన ఇల్లు వానమ్మది. డెబ్బై ఆరేళ్ల ఆ పెద్దావిడ నలభై రెండేళ్లుగా అందులోనే ఉంటోంది. ఇల్లమ్మి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని ఆవిడ ఆలోచన.

గోళీ మేడం వెళ్లిన రోజు ఎండ ఫెళ్లుమంటోంది. గోళీని ముందు గదిలో పెట్టింది, వంటింట్లో పెట్టింది, పై గదుల్లో పెట్టింది. గోళీ ముని మాదిరి కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. కిటికీ పక్క గోడకు ఒక బీట ఉంది. దాని మీద మూడుసార్లు రంగు పడ్డా మళ్లీ తెరుచుకోలేదు. అంటే అది ఎప్పుడో కుదురుకున్న బీట. డ్రైవరు ఆమె ముఖం వంకే చూస్తూ వెనకాలే తిరుగుతున్నాడు. అతని భార్య వానమ్మ పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది మేడం?"

"ఇప్పటివరకూ బంగారం. ఆ మెట్ల కింద అర కూడా చూసేస్తే అయిపోతుంది."

"అది తెరవక్కర్లేదమ్మాయ్, చీపుర్లూ గొడుగులూ తప్ప ఏం లేవు" అంది వానమ్మ కుర్చీలోంచి.

"చూడని తలుపొకటి మిగిలిందంటే నాకు ఇంటికెళ్లాక అన్నం సయించదు పిన్నిగారూ" అంటూ గోళీ మేడం పిడి పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. లోపల ఎవరో అవతలి వైపు పట్టుకుని ఉన్నట్టు బిగుసుకుంది. మూడోసారికి ఊడి వచ్చినట్టు వచ్చింది. చంకలోని కాగితాల్లోంచి ఒకటి జారి, రివ్వున అరలోకి వెళ్లి, నేల మీది రాతిపలకల సందుకు అతుక్కుపోయింది.

వానమ్మ నవ్వింది. "ఇవాళ లోపలికి పీలుస్తోంది. ఇంకో రెండ్రోజులు ఎండే. నాకు వానమ్మని పేరెందుకొచ్చిందనుకున్నావ్? వాన రేపనగా ఈ తలుపు తనంతట తనే కిర్రుమని తెరుచుకుంటుంది. ఈ వీధిలో బట్టలుతికేవాళ్లంతా ముందు నన్నడిగే నీళ్లలో చెయ్యి పెడతారు. నలభై రెండేళ్లలో నాలుగుసార్లు తప్పింది, అంతే."

డ్రైవరు భార్య కూడా నవ్వింది. గోళీ మేడం నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ కాగితం వంకే చూస్తోంది.

"పిన్నిగారూ, ఇందులో ఎప్పుడైనా దీపం పెట్టారా?"

"కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి పెట్టేదాన్ని. వాన ముందు అయితే ఆరిపోతుంది. గాలి కదా."

"ఆరేముందు రెపరెపలాడుతుందా?"

వానమ్మ సమాధానానికి నోరు తెరిచి, మళ్లీ ఆలోచించింది. "లేదమ్మాయ్. కదలదు. ఊరికే చిన్నబోయి చిన్నబోయి, పోతుంది."

గోళీ మేడంకు అర్థమైంది. గాలి విసురుకు ఆరే దీపం కొట్టుకుని ఆరుతుంది. చిన్నబోయి ఆరే దీపానికి పీల్చుకోవడానికి గాలి అందలేదన్నమాట. ఎండ కాసినప్పుడు పైగాలి బరువెక్కి భూమిలోకి దూరుతుంది. వాన ముందు ఆ బరువు తగ్గి, ఎన్నో ఏళ్లుగా బొగ్గు మధ్య మగ్గి సారం పోయిన గాలి కింద నుంచి పైకొస్తుంది. ఈ సంగతి తండ్రి నోట ఆమె చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ భూమి ఒక ఇంటి అరలోంచి ఊపిరి తీస్తుంటే, ఒక పెద్దావిడ పక్కనే కూర్చుని దానితో వానలు చెప్పుకుంటూ బతికేయడం ఎన్నడూ విని ఉండలేదు.

"నాకో నాలుగు రోజులు కావాలి" అని మాత్రం చెప్పి బయటపడింది.

ఆమె తండ్రి గనిలో సర్వేయరుగా చేశాడు. కూతురు పైనుంచి కొలిచే ఊరిని ఆయన ముప్ఫై ఏళ్లు కింద నుంచి కొలిచాడు. ఎనభై రెండేళ్ల మనిషి, చూపు మసకేసింది. కూతురింట్లో కిటికీ పక్కన కూర్చుని రేడియో వింటూ ఉంటాడు. ఆమె చెప్పింది విని రేడియో కట్టేశాడు.

"ఏ వీధన్నావ్?"

చెప్పింది.

"బేకరీ పక్క నుంచి లోపలికెళ్తే మూడో ఇల్లా, నాలుగోదా?"

"నాలుగోది నాన్నా. నీకెలా తెలుసు?"

ఆయన మెల్లిగా చెప్పుకొచ్చాడు. "నాకు ముప్ఫై ఒకటో ఏడు. గొలుసు పట్టుకుని కొలుచుకుంటూ పోతున్నాం. ఒక చోట మెడ మీద చల్లగా గాలి తగిలింది అమ్మడూ. పైనుంచి. అక్కడ పైనుంచి గాలి రావడానికి వీల్లేదు. మేస్త్రీని అడిగితే, పాత తవ్వకమేదో ఉండి ఉంటుంది, మనకెందుకు, గోడ కట్టించేద్దాం అన్నాడు. కట్టేశారు. నేను పటంలో పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

మర్నాడు ఆమె గనుల పాత పటాలు దాచిన ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా దుప్పటంత పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. నీలి గీతలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒక మూల ధాన్యం గింజంత ప్రశ్న గుర్తు. పక్కన తండ్రి పొడి అక్షరాలు. దాని మీద ఇప్పటి వీధుల పలుచటి పటం పెట్టి చూసింది. ప్రశ్న గుర్తు నాలుగో ఇంటి మీద పడింది, మెట్లు ఉండే చోట. ఆమె పలుచటి పటం ఎత్తి, అంచులు సరిచూసి మళ్లీ పెట్టింది. గుర్తు అక్కడే పడింది.

మూడో రోజుకు మబ్బు పట్టింది. ఆమె వెళ్లేసరికి డ్రైవరు భార్య అప్పటికే వచ్చి ఉంది, మెట్ల కింది అర తలుపు బార్లా తెరుచుకుని ఉంది. గాలి మీటరును తాడుతో కట్టి రాతిపలకల దగ్గరికి దించగానే అది గుక్కపెట్టినట్టు మోగింది.

"పిన్నిగారూ, మీరు ఇవాళే పక్కింటికి మారాలి."

"నలభై రెండేళ్లు బతికినదాన్ని ఇవాళ చస్తానా?"

"మీరు పై గదిలో పడుకుంటారు. ఈ గాలి బరువైనది, నేల మీదే ఉండిపోతుంది. అందుకే మీరు బతికారు." ఆమె డ్రైవరు భార్య వైపు తిరిగింది. "పసిబిడ్డ పాకేది నేల మీదే కదమ్మా."

డ్రైవరు భార్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని తలుపు దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి వేసింది. వానమ్మ గొడుగొకటి తీసుకుని పక్కింటికి నడిచింది.

గనుల భద్రత చూసే ఇంజనీరు మనుషులతో, పంకాలతో వచ్చాడు. రెండు రోజులు మంచి గాలి కొట్టాక మెట్లు ఊడదీసి రాతిపలకలు లేపారు. కింద జానెడు మట్టి. మట్టి కింద అడ్డంగా పేర్చిన దుంగలు. నల్లబడి ఇనుములా బిగిసి ఉన్నాయి, రెండు మాత్రం వేలు పెడితే పొడిగా రాలుతున్నాయి. మెట్లను ఆనుకుని పెట్టిన వానమ్మ కుట్టుమిషను నలభై రెండేళ్లు వాటిమీదే నిలబడింది.

దుంగలు తీశాక ఇంజనీరు గోళీ మేడం నడుముకు తాడు కట్టి, చెక్క పలక మీద బోర్లా పడుకోబెట్టి, అంచు దాకా పంపాడు. ఆమె కిందికి చూసింది.

ముప్ఫై ఏళ్లుగా ఆమె చూసిన గోడల్లో ఒక్కటీ నిటారుగా లేదు. ఎక్కడో ఒక వెంట్రుకవాసి వంకర ఉంటుంది. ఇక్కడ, ఎవరూ చూడని చోట, పాత గనిలోకి దింపిన బావి గోడ, ఇటుకల వలయం మీద వలయం, వలయం మీద వలయం, గాజులు పేర్చినట్టు చీకట్లోకి దిగిపోతోంది. ఎక్కడా వంకర లేదు. తేమకు ఇటుకలు మెరుస్తున్నాయి. దీపం దించినకొద్దీ ఇంకా ఉంది, ఇంకా ఉంది. ఒక గులకరాయి వదిలి లోపల లెక్కపెట్టుకుంది. నాలుగు దాటి అయిదు అనబోతుండగా, ఎక్కడో ఇంకో లోకంలో నీటిచుక్క పడినట్టు చప్పుడైంది.

చేతికందే ఇటుక ఒకటి ఉంది. దాని మీద నాలుగు వేళ్ల గుంటలు. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తి పక్కన పెట్టిన గుర్తులు. ఆమె తన వేళ్లు వాటిలో పెట్టబోయింది. పట్టలేదు. ఆ చెయ్యి తన చేతికంటే చిన్నది. ఏ అమ్మదో, ఎంత వయసుదో. పేరు లేదు, పటంలో గీత లేదు. నూట ముప్ఫై ఏళ్లుగా ఒక వీధిని మోస్తున్న మనిషి చెయ్యి.

"మేడం, బాగానే ఉన్నారా?" ఇంజనీరు అడిగాడు.

ఆమె చెయ్యెత్తి ఊపింది.

మర్నాడు తండ్రిని తీసుకొచ్చి ముందు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కెమెరాను కిందికి దించారు. బొమ్మ ఆయనకు ఆనలేదు. కూతురే చూసి చెబుతోంది. నీళ్లకు కాస్త పైన కెమెరా పక్కకు తిరిగింది.

"అక్కడ ఒక సొరంగం మొదలవుతోంది నాన్నా. కానీ మూసేసి ఉంది."

"గోడా?"

"గోడే."

"రాళ్లా, ఇటుకలా?"

"కింద రాళ్లు. పైన ఇటుకలు. ఇటుకలు సరిపోనట్టు చివర్లో చెక్కలు."

"సరిపోలేదు" అన్నాడాయన. "ఆ రోజు ఇటుకలు సరిపోలేదు. దాని అవతలి వైపు నేనున్నాను అమ్మడూ." ఆయన చెయ్యి గాల్లో లేచి, కనబడని ఆ గోడను తడుముతున్నట్టు కాసేపు ఆగింది. వానమ్మ పక్కింటి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇంత బతుకూ బతికింది ఈ బావి నోటి మీదనా నేను" అంది చివరికి. భయపడుతున్నట్టు అనలేదు, ఎవరో పెద్దవాళ్ల ఎదుట మాట్లాడుతున్నట్టు అంది.

బావిని రాళ్లతో, సిమెంటు పాలుతో నింపడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. పటాల ఆఫీసులో గుమాస్తా ఆమె చేతికి రబ్బరూ పెన్నూ ఇచ్చి, ప్రశ్న గుర్తు చెరిపి లోతూ వెడల్పూ రాయమన్నాడు. ఆమె చెరపలేదు. పక్కనే రాసింది.

ఇల్లు ఇక అమ్ముడుపోదని వీధంతా అనుకున్నారు. నెల తిరిగాక డ్రైవరు భార్యే ఫోను చేసింది.

"మేడం, ఇంకో మూడిళ్లు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ కింద ఏముందని అడిగితే ఎవరికీ తెలీదు. వానమ్మగారి ఇంటి కింద ఏముందో ఊరంతటికీ తెలుసు. అదే తీసుకుందామంటున్నాను. మా ఆయన మిమ్మల్ని అడగమన్నారు."

"నేను మీటరు పెట్టి మూడుసార్లు చూశానమ్మా" అంది గోళీ మేడం. "ఊళ్లో అంత గట్టి నేల నాకు తెలిసి ఇంకోటి లేదు. తీసుకోండి."

వాళ్లు చేరిన రెండో వారంలో ఆడపిల్ల పుట్టింది. వానమ్మ చెల్లెలి ఊరు వెళ్తూ కుట్టుమిషను ఆ పిల్లకే వదిలి వెళ్లింది.

గోళీ మేడం మళ్లీ పనిలో పడింది. అయితే ఆమె నడక కొంచెం మారిందని భర్త అంటాడు. ఒక ఆదివారం ఇద్దరూ కూరలకు వెళ్తుంటే, ఆమె బస్టాండు ముందు నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏమైంది?"

"నాన్న నిన్న చెప్పాడు. సరిగ్గా ఇక్కడ, కింద, గనిలో బొగ్గు బండ్లు లాగే గుర్రాల సాల ఉండేదట. పద్నాలుగు గుర్రాలు. ఒక్కోదానికి ఒక్కో పేరు గోడ మీద రాసి ఉండేదట. ఆ పేర్లు ఇంకా అక్కడే ఉంటాయి కదూ."

భర్త కిందికి చూశాడు. తారురోడ్డు, నలిగిన టికెట్టు, ఎండలో తన సొంత నీడ. కాసేపు ఆయనా కదల్లేదు. తర్వాత ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"పక్కకు రా. బస్సొస్తోంది."